మధ్యధరా తీరమున ఈత

నేటి నా ప్రసంగవిషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. "మధ్యధరా సముద్రమెక్కడ, మన యూరెక్కడ? ఆ తీరమున నెవరు ఈదినను, మానినను మనకేమి?" అని మీరు తలపవచ్చును. కాని ఒక్కసారి మీ వీధిలోని యిండ్లను లెక్కపెట్టి చూడుడు. ఎన్ని యిండ్ల పిల్లలు చదువులకును, ఉద్యోగములకును దేశాంతరములందున్నారు? యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను గనుక, అచటి కుటుంబములు కొన్నిటికి ఫ్రాన్సులో బంధువులు కలరు. నేడు తక్కిన జిల్లాలనుండియు మన పిల్లలు ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశములకు పోవుచున్నారు. వేసవి సెలవులు రాగానే అక్కడి జనముతోపాటు వీరును సముద్రతీరము చేరుదురు. కొడుకులను, కూతుండ్రను చూడబోయి, మనుమల చేయి పట్టుకొని ఆ యొడ్డున నడచినవారు మీలోను ఉండవచ్చును. కావున ఆ నీటి గుణదోషములు మన పెద్దలకు తెలియుట అవసరమని నా తలంపు.

ఆ సముద్రతీరవాసులకు ఈత పూర్వకాలమునుండియు అక్షరజ్ఞానముతో సమానమైన విద్య. గ్రీకు తత్త్వవేత్తయగు ప్లేటో తన ధర్మశాస్త్రగ్రంథమున, చదువును ఈతయు రెండును ఎరుగకపోవుటను పామరత్వమునకు గుర్తుగా ఆనాటివారు చెప్పుకొనెడివారని సూచించియున్నాడు. క్రీస్తుకు పూర్వము 480లో సలామిస్‌కడ జరిగిన నౌకాయుద్ధమున, ఓడలు పగిలినపుడు గ్రీకులు ఈది ఒడ్డు చేరిరనియు, పారసీకులలో పెక్కండ్రు ఈత రాక మునిగిపోయిరనియు చరిత్రకారుడగు హెరోడోటసు వ్రాసెను. తండ్రి కుమారునికి నేర్పవలసినవానిలో ఈతయు నొకటియను అభిప్రాయము యూదుల తాల్ముదు గ్రంథమున కలదు.

ఇంతటి ప్రాచీనవిద్య యైనను నేటికిని లోకములో నీటివాత పడువారు తక్కువగా లేరు. 2021వ సంవత్సరమున ప్రపంచమందంతటను నీట మునిగి మరణించినవారు సుమారు 3 లక్షలమంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అంచనా వేసిరి. అట్లు మునుగువారిలో ఈత రానివారే కాదు, వచ్చినవారును ఉందురు. అది యెట్లో నా యనుభవము వలననే విన్నవించెదను.

నేను కాలువగట్టున పుట్టి పెరిగినవాడను. ఏడవయేట నడుమునకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చితిని. వరదనీటిలోను అవతలిగట్టు చేరగలనను గర్వము నాకుండెడిది. కొన్నియేండ్ల క్రిందట ఫ్రాన్సు దక్షిణతీరమునందలి సేత్ పట్టణము దాపున ఇసుకతీరమునకు పోవుట తటస్థించెను. ముందటిరాత్రియంతయు సముద్రముమీదినుండి గాలి కొట్టెను. ఉదయమునకు గాలి తగ్గినది గాని, అలలు తెల్లగా విరుగుచునే యున్నవి. ఒడ్డున కొయ్యకు పసుపుపచ్చని జెండా యొకటి కట్టియుండెను. తిరునాళ్ళలో తోరణమువంటిది కాబోలుననుకొంటిని. విరుగుచున్న అలల నడుమ ఒక్కచోట మాత్రము నీరు విరుగక, నునుపుగా, కొంచెము నల్లగా కనబడెను. "ఇదియే మంచి రేవు" అని అచటనే దిగితిని.

పది బారలు వేసి వెనుదిరిగి చూచితిని. నేను విడిచిన ఎఱ్ఱగొడుగు చిన్నదై కనబడెను. దానికెదురుగా ఈదితిని. ఎంత ఈదినను గొడుగు దగ్గర కాలేదు. చేతులు బరువెక్కినవి, నోటిలోనికి ఉప్పునీరు పోయినది. అంతలో ఈల వినబడెను. ఎత్తైన కుర్చీమీద కూర్చుండియుండిన తీరరక్షకురాలు లేచి నిలిచి, రెండుచేతులతోను పక్కకు, పక్కకు అని చూపుచుండెను. ఆమె చెప్పినట్లు ఒడ్డును విడిచి పక్కకు ఈదితిని. ఇరువది బారలలో లాగుడు తీరిపోయెను. ఏ అలలకు జంకితినో ఆ అలలే నన్ను ఒడ్డునకు నెట్టినవి. నా మనుమరాలి యీడున్న ఆ పిల్ల నాకు చెప్పిన మాట యొక్కటే: "తాతగారూ, అలలు విరుగుచున్నపుడు నీరెచట నెమ్మదిగా నున్నదో అచట దిగకూడదు." అరువది యేండ్ల నా ఈతకంటె ఆ యొక్కమాట విలువైనది. నేటి ప్రసంగమంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

మొదట ఆ సముద్రపు స్వభావము తెలిసికొందము. మధ్యధరా సముద్రము సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యము కలది. ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఖండముల నడుమ చిక్కుకొనియున్నది. మహాసముద్రముతో దానికి సహజమైన ద్వారము పడమటనున్న జిబ్రాల్టరు జలసంధి యొక్కటియే. ఇరుకైనచోట దాని వెడల్పు సుమారు 14 కిలోమీటర్లు మాత్రమే. వాకిలి చిన్నదగుటచేత ఆటుపోట్లు ఆ సముద్రమున మిక్కిలి స్వల్పము. చాలచోట్ల పోటునకును ఆటునకును భేదము ఒక అడుగు ప్రాంతమే. ట్యునీసియా దేశపు గాబెస్ సింధుశాఖవంటి కొలదిచోట్లనే అంతకు మించును. ఎండకు ఆవిరియై పోవు నీరు వాననీటికంటెను, నదులు తెచ్చు నీటికంటెను ఎక్కువ గనుక ఉప్పదనము హెచ్చు. కిలోగ్రాము నీటికి మహాసముద్రమున సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, అచట 38 గ్రాముల వరకు నుండును. అందుచేత దేహము కొంచెము సులువుగా తేలును. నీరు అద్దమువలె తేటగా నుండును.

ఇన్ని మంచి గుణములు కలిగియుండుటచేతనే చూచువారు దానిని పెద్ద చెరువని భ్రమింతురు. ఆ భ్రమలోనే అపాయమున్నది. మన తూర్పుతీరపు సముద్రము ఘోషించుచు మనలను హెచ్చరించును. మధ్యధరా సముద్రము చాలదినములు హెచ్చరింపదు. అందలి నెమ్మదులు నాలుగువిధములుగా మోసము చేయును.

మొదటిది నన్ను మోసగించిన నెమ్మది. ఇసుకతీరములందు ఒడ్డునకు కొంతదూరమున నీటి క్రింద ఇసుకదిబ్బలుండును. అలలు ఆ దిబ్బలమీద విరిగి నీటిని ఒడ్డువైపు త్రోయును. అట్లు చేరిన నీరు మరల సముద్రములోనికి పోవలెను గదా! దిబ్బల నడుమ గండి యెచటనున్నదో అచటినుండి అది కాలువవలె వెనుకకు పారును. దీనినే ఆంగ్లేయులు రిప్ కరెంటు అందురు. గండియొద్ద లోతెక్కువ గనుక అలలు విరుగవు. నీరు నల్లగా, నునుపుగా కనబడును. తెలియనివాడు దానినే రేవనుకొనును. ఈ ప్రవాహము సామాన్యముగా మనిషి నడకకంటె వేగమైనది కాదు. కాని ఒక్కొక్కప్పుడు సెకండునకు 2 మీటర్లను మించును. ఆ వేగమునకు ఎదురీదుట లోకములోని మేటి ఈతగానికిని సాధ్యము కాదు. అయితే అది మనిషిని క్రిందికి లాగదు. దూరమునకు మాత్రమే లాగును. కావున భయపడక వెల్లకిల తేలవలెను. చేయి ఎత్తి సహాయము కోరవలెను. శక్తియున్నచో ఒడ్డునకు సమానముగా పక్కకు ఈది, అలలు విరుగుచోటికి చేరి వానితోపాటు రావలెను. చంపునది ప్రవాహము కాదు, ఎదురీతవలని అలసట.

రెండవది గాలివలని నెమ్మది. ఫ్రాన్సులో రోన్ నది లోయగుండ ఉత్తరమునుండి వీచు మిస్ట్రాలు, దానికి పడమట వీచు త్రామొంటాన్ అను గాలులు ప్రసిద్ధములు. ఇవి నేలమీదినుండి సముద్రముమీదికి వీచునవి. అట్టి దినమున ఒడ్డు దగ్గర అలయన్నది లేదు. నీరు నూనె పోసినట్లుండును. పిల్లలు గాలి నింపిన రబ్బరు పరుపులమీదను, బొమ్మలమీదను ఎక్కి ఆడుకొందురు. పరుపునకు బరువు లేదు, గాలికి తెరచాపవంటిది. తల్లి తల త్రిప్పి చూచులోపల అది ఒడ్డు విడిచి పోవును. పోయినకొలది గాలియు అలయు హెచ్చును. అప్పుడు పరుపును విడిచి ఈదబోవుటకంటె దానిని గట్టిగా పట్టుకొని కేకవేయుటయే మేలు. ఈ గాలికి మరియొక గుణమున్నది. అది పైనున్న వెచ్చని నీటిని దూరముగా త్రోయగా, అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చును. నిన్న గోరువెచ్చగా నున్న నీరు నేడు అయిదారు డిగ్రీలు, ఒకప్పుడింకను ఎక్కువ, చల్లబడును.

మూడవ మోసము ఈ చల్లదనముతో కూడినది. మండుటెండలో గంటసేపు పరుండి, కడుపునిండ భుజించి, పైగా మద్యము సేవించి ఒక్కదుముకున చల్లని నీట పడినచో దేహము అదరిపోవును. ఊపిరి అదుపు తప్పి నీరు లోనికి పోవును. గుండె దుర్బలముగా నున్నవారికి గుండెయే ఆగవచ్చును. మనవారు ఏటిలో దిగునపుడు మొదట నీరు నెత్తిమీద చల్లుకొందురు. ఆచారముగా వచ్చిన ఆ పని ఇచట వైద్యముకూడ. మెడవెనుకను, రొమ్మును, చేతులను తడుపుకొని మెల్లగా దిగవలెను. దిగినపిదప వణకు పుట్టినచో వెంటనే బయటికి రావలెను. మద్యము త్రాగి నీట దిగనే రాదు.

నాల్గవది తేటనీటి మోసము. నీటిలో కాంతి వంగుటచేత నాలుగు మీటర్ల లోతు పైనుండి చూచువానికి మూడు మీటర్లవలె కనబడును. అడుగున గులకరాయి స్పష్టముగా కనబడుచున్నది గదా, నడుములోతే యనుకొని ఈత రానివాడు అడుగువేయును. అందులకు మారుగా, మార్సేల్సు దాపునగల సున్నపురాతి కొండలనడుమ వంకలలో యువకులు నీలినీరు లోతేయని నమ్మి గట్లమీదినుండి తలక్రిందుగా దుముకుదురు. నీటి నడుమ రాయి తగిలినచో మెడ విరుగును. బ్రదికినను కాలుసేతులు పడిపోవచ్చును. లోతు స్వయముగా దిగి చూడనిచోట తలక్రిందుగా దుముకరాదను నియమము ప్రాణముతో సమానము.

ఇక నీస్ పట్టణపు తీరమును గూర్చి ఒకమాట. అది లోకప్రసిద్ధమైన విహారస్థలము. అచట ఇసుక లేదు, గుండ్రాళ్ళున్నవి. ఒడ్డు మిట్టనుండి దిగినట్లు వాలుగా నుండి, కొన్ని యడుగులలోనే లోతు వచ్చును. అలలున్న దినమున అవి సరిగా అంచుననే విరిగి, కాళ్ళక్రింది రాళ్ళను లాగివైచును. అంచున కూర్చుండిన వృద్ధులును, పిల్లలును అట్లే జారిపోవుదురు. బయటికి వచ్చునపుడు వెనుకకు చూచుచు, పెద్ద అల పోయినపిదప త్వరగా పైకి రావలెను.

ఇన్ని సంగతులు క్రొత్తవానికి తెలియుటెట్లు? ఆ కష్టము లేకుండుటకే ప్రభుత్వమువారు జెండాలను ఏర్పరచిరి. ఫ్రాన్సులో 2022లో ఈ జెండాలను సంస్కరించిరి. పచ్చజెండా ఎగురుచున్నచో తీరరక్షకులు కావలియున్నారనియు, తెలిసిన అపాయము లేదనియు అర్థము. పసుపుజెండా అపాయమున్నది, జాగ్రత్తయని చెప్పును. ఎఱ్ఱజెండా ఎగిరినచో స్నానము నిషిద్ధము. అది సలహా కాదు, ఆజ్ఞ. ఊదారంగు జెండా నీరు చెడినదనియో, కుట్టు ప్రాణులున్నవనియో తెలుపును. సగము ఎఱుపు, సగము పసుపుగా నున్న రెండు జెండాల నడుమ చోటే రక్షకులు కావలికాయు హద్దు. నారింజరంగు గాలిసంచి కట్టినచో రబ్బరు పరుపులతో పోరాదని అర్థము. జెండాయే లేకున్నచో క్షేమమని కాదు. కావలివారు లేరని మాత్రమే తెలియవలెను.

జలక్రీడలకును ఇట్టి హద్దులున్నవి. ఫ్రాన్సు తీరమున ఒడ్డునుండి 300 మీటర్లవరకు పడవల వేగము 5 నాట్లు, అనగా గంటకు సుమారు 9 కిలోమీటర్లు, మించరాదు. ఈదువారికై పసుపుపచ్చని బోయాలతో వేరొక చోటును, పడవలు ఒడ్డునకు వచ్చిపోవుటకు వేరొక దారిని గుర్తింతురు. ఆ దారిలో ఈదుట రహదారి నడుమ పరుండుటతో సమానము. నీటిమీద తలమాత్రమే తేలువాడు పడవ నడుపువానికి కనబడడు. పడవవెనుక త్రాడు పట్టుకొని బల్లలమీద జారు క్రీడయందు, పడవలో నడుపువాడుగాక జారువానినే కనిపెట్టియుండు రెండవమనిషి యుండవలెనని నిబంధన. రబ్బరు పరుపులవంటి ఆటవస్తువులు 300 మీటర్లు దాటరాదు. తేలుచొక్కా తొడుగుకొనుట పిరికితనము కాదు. సముద్రమునకు పోవు ఆరితేరిన రక్షకులును దానిని తొడుగుకొందురు.

కుట్టు ప్రాణులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఊదారంగు జెల్లీచేప తగిలినచో చర్మము మండును. రుద్దరాదు, మంచినీటితో కడుగరాదు, సముద్రపునీటితోనే కడుగవలెను. ఇసుకలో దాగియుండు వీవ్ అను చేప ముల్లు గ్రుచ్చుకొన్నచో నొప్పి దుర్భరము. దాని విషము వేడికి చెడును గనుక, కాలకుండ ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో పాదమునుంచవలెను. రాళ్ళమీద ముండ్లబంతులవంటి ప్రాణులుండును. వీనికెల్ల రబ్బరు చెప్పులు తొడుగుకొని దిగుటయే మందు. ఈ ప్రాణులవలన బాధయేగాని ప్రాణభయము అరుదు.

కడపటి మోసము, అన్నిటికంటె క్రూరమైనది, మునుగువాని నిశ్శబ్దము. మునుగువాడు కేకలు వేయునని, చేతులు కొట్టుకొనునని మనమనుకొందుము. ఊపిరికే చాలని నోటికి కేకవేయుటకు శక్తియెక్కడిది? అతని తల వెనుకకు వాలియుండును. నోరు నీటిమట్టమున తేలుచు మునుగుచునుండును. చేతులు నీటిని క్రిందికి అదుముచుండును. ఒక్క నిముసములోపలనే మునిగిపోవచ్చును. పిల్లలు నలుగురి నడుమనే, పెద్దలు ముచ్చటలాడుచుండగనే పోవుట ఇందువలననే. కావున పసివానికి చేయిచాచిన దూరమున ఒక పెద్దమనిషి, వేరొక పనిలేక, కూర్చుండవలెను.

మునుగువానిని చూచి తొందరపడి దుముకరాదు. అతడు కౌగిలించినచో ఇద్దరును మునుగుదురు. తేలునదేదైన విసరవలెను, రక్షకులను పిలువవలెను. ఐరోపా సంఘదేశములందు ఎచటినుండియైనను 112 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫ్రాన్సు తీరమున సముద్రరక్షణకు 196 అను సంఖ్యయు కలదు. ఆ దేశమున 1967లో ఏర్పడిన జాతీయ సముద్రరక్షణ సంఘమున స్వచ్ఛందసేవకులే ఎక్కువ. వారు తీరరక్షకులకు శిక్షణయు నిత్తురు. ఒడ్డునకు తెచ్చినవానిని తలక్రిందులుచేసి, కడుపునొక్కి నీరు కక్కించుట మన గ్రామములందు వాడుక. అది తగదు; దానివలన విలువైన నిముసములు పోవును, కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి దిగును. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, ముందుగా నోటిలో నోరుంచి అయిదుమార్లు ఊపిరి ఊది, పిదప రొమ్ము నడుమ ముప్పదిమార్లు బలముగా నొక్కి రెండుమార్లు ఊదుచు, వైద్యులు వచ్చువరకు సాగించవలెను. ఈ యొక్క సంగతి మన చెరువుగట్టునను పనికివచ్చును.

మహాశయులారా! మీ బిడ్డ దూరదేశమునుండి ఫోనులో, "రేపు సముద్రమునకు పోవుచున్నాము" అని చెప్పినపుడు వలదని కోపించిన ఫలము లేదు, వాడు పోకమానడు. చెప్పక పోవును, అంతే. దానికి మారుగా మూడు ప్రశ్నలు వేయుడు: "అక్కడ జెండా యే రంగు? గాలి యెటునుండి వీచుచున్నది? నీవు నీట నుండగా ఒడ్డున నిన్ను చూచువారెవరు?" ఈ మూటికి జవాబు చెప్పవలెనన్నచో వాడు నీట దిగకముందు ఒక్క నిముసము ఒడ్డున నిలిచి కన్ను తెరచి చూడవలసియుండును. నేను ఆనాడు నిలువనిది ఆ యొక్క నిముసమే. నాకు ఈల వేయు మనిషి దొరికెను. అందరికి దొరకునని చెప్పలేము.